బ్రౌజర్ ఎందుకు మొరాయిస్తోంది?

ఇంట్లో కంప్యూటర్ మీద పేజీ తెరుచుకోకుండా గుండ్రటి చక్రం తిరుగుతూ కూర్చుంటే, చాలా ఇళ్లలో ముందుగా మాట పడేది నెట్ కనెక్షనే. కనెక్షన్ ఇచ్చిన అతనికి ఫోన్ వెళ్తుంది. అతను పెద్ద ప్లాన్ తీసుకోమంటాడు. 50 ఎంబీపీఎస్ కాస్తా 100 అవుతుంది, నెల బిల్లు పెరుగుతుంది, చక్రం మాత్రం అలాగే తిరుగుతుంది. అసలు జాప్యం లైనులో కాక కంప్యూటర్ లోపలో, తెరుస్తున్న పేజీలోనో ఉన్నప్పుడు ఇలాగే జరుగుతుంది. స్లో అయిందని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ దాని వెనక వేర్వేరు కారణాలుంటాయి. ఒకదానికి చేసిన మరమ్మతు ఇంకోదానికి పనికిరాదు.

అందుకే డబ్బు ఖర్చుపెట్టే ముందు ఓ చిన్న పరీక్ష చేయండి. కంప్యూటర్ వాడుతున్న వైఫై మీదే ఉన్న ఫోన్లో అదే పేజీ తెరిచి చూడండి. ఫోన్లోనూ నానుతుంటే తప్పు లైనుదైనా కావాలి, ఆ సైట్‌దైనా కావాలి. వేరే సైట్ ఒకటి తెరిస్తే ఆ రెండింట్లో ఏదో తేలిపోతుంది. ఇంటర్ ఫలితాలు విడుదలైన మొదటి గంటలో ఫలితాల సైట్ తెరుచుకోకపోతే మీ కంప్యూటర్లో ఏ సెట్టింగ్ మార్చినా ఉపయోగం లేదు. లక్షల మంది ఒకేసారి అడుగుతుంటే అవతలి సర్వర్ తట్టుకోలేకపోతోందన్నమాట, కాసేపు ఆగడమే మార్గం. ఫోన్లో చటుక్కున తెరుచుకుని కంప్యూటర్లో మాత్రమే ఆగుతుంటే చిక్కు ఆ కంప్యూటర్‌తోనే. దాన్ని చాలా వరకు మనమే సరిచేసుకోవచ్చు.

ముందు లైను సంగతి చూద్దాం. ఎంబీపీఎస్ అనేది సెకనుకు ఎంత సమాచారం రాగలదో చెప్పే లెక్క. పెద్ద సినిమా డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు అదే ముఖ్యం. వెబ్ పేజీకి ఇంకో లెక్క కూడా ఉంది. చిరునామా టైప్ చేసి ఎంటర్ నొక్కగానే, ఆ పేరుకు సరిపోయే అంకెల చిరునామా ఏమిటని బ్రౌజర్ డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడుగుతుంది. పాల్ మొకపెట్రిస్ 1983లో రూపొందించిన ఏర్పాటు ఇది. చిరునామా దొరికాక అవతలి సర్వర్‌ను పలకరించాలి, అది బదులు పలకాలి. ఆ తర్వాత మధ్యలో ఎవరూ చదవకుండా ఇద్దరూ రహస్య సంకేతాలు కుదుర్చుకోవాలి. అప్పటికిగానీ ఫలానా పేజీ ఇవ్వమని అడగడం కుదరదు. పేజీలో మొదటి అక్షరం మన దగ్గరికి చేరేలోపు సందేశాలు మామూలుగా మూడు సార్లైనా ఆ సర్వర్ దాకా వెళ్లి రావాలి.

గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరానికి దాదాపు 13 వేల కిలోమీటర్లు. సర్వర్ అక్కడుంటే ఒక్కసారి పోయిరావడానికి ప్రకృతి ఒప్పుకునే కనీస సమయమే 130 మిల్లీసెకన్లు. సముద్రం అడుగున కేబుళ్లు తిన్నగా పోవు, దారిలో యంత్రాలు మారాలి, అందువల్ల నిజంగా పట్టేది 200 దాటుతుంది. మూడు సార్లకు అర సెకను పైమాటే. మీరు 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 300 చేసుకున్నా కాంతి వేగం పెరగదు.

అప్పట్లో గూగుల్‌లో పనిచేసిన మైక్ బెల్షి 2010లో ఈ సంగతినే కొలిచి చూపించారు. లైను సామర్థ్యాన్ని 5 ఎంబీపీఎస్ దాటించి పెంచుకుంటూ పోతే పేజీ తెరుచుకునే సమయం పెద్దగా తగ్గలేదు. పోయివచ్చే సమయాన్ని తగ్గించిన ప్రతిసారీ మాత్రం పేజీ తెరుచుకునే సమయమూ తగ్గుతూ వచ్చింది. పేజీలు అప్పటికంటే బాగా బరువెక్కాయి కాబట్టి ఆ 5 అనే అంకెను ఇప్పుడు పట్టుకోనక్కర్లేదు. సూత్రం మారలేదు. ఆయనా, సహోద్యోగి రాబర్టో పియోన్ కలిసి తయారుచేసిన స్పీడీ అనే పద్ధతి పునాదిగా 2015లో, బ్రౌజర్ సర్వర్‌తో మాట్లాడే కొత్త పద్ధతి హెచ్‌టీటీపీ/2 వచ్చింది. 2022లో ప్రమాణంగా స్థిరపడిన హెచ్‌టీటీపీ/3 ఇంకో అడుగు ముందుకేసి, పలకరింపునూ రహస్య సంకేతాల ఒప్పందాన్నీ ఒకే విడతలో ముగిస్తుంది. పెద్ద సైట్లు తమ ఫైళ్ల నకళ్లను ముంబయి, చెన్నై వంటి నగరాల్లోని సర్వర్లలో ఉంచేదీ దూరం తగ్గించడానికే. ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయని బ్రౌజర్‌కు ఈ కొత్త పద్ధతులు తెలియవు. అప్‌డేట్ అడిగినప్పుడల్లా "తర్వాత" అని నొక్కేవారు భద్రతతోపాటు వేగాన్నీ వదులుకుంటున్నారు.

ఇంట్లో వైఫైకీ ఇందులో పాత్ర ఉంది. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు వేగంగా పనిచేస్తాయి కానీ రెండు గోడలు దాటేసరికి నీరసిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటుతాయి కానీ పక్క ఫ్లాట్ల రూటర్లు, బ్లూటూత్ పరికరాలు, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఆ పరిధిలోనే రొద పెడతాయి. బల్ల మీద కదలకుండా ఉండే కంప్యూటర్‌కు ల్యాన్ కేబుల్ వేయడం అన్నిటికంటే మేలు. తక్కువ మంది గమనించే ఇంకో చిక్కు కూడా ఉంది. ఎవరి ఫోన్ అయినా పెళ్లి ఫొటోలూ వీడియోలూ క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు, పంపాల్సిన సమాచారాన్ని రూటర్ తన దగ్గర పోగేసుకుంటూ పోతుంది. పేజీ కోసం మీరు పంపిన చిన్న అభ్యర్థన ఆ బారు చివర నిలబడాలి. జిమ్ గెటిస్ అనే ఇంజినీరు దీనికి బఫర్‌బ్లోట్ అని పేరుపెట్టి ప్రచారం చేశారు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ దీనికి ఒక మంచి పరిష్కారాన్ని ప్రచురించారు. అది ఇప్పుడు కొన్ని రూటర్లలో దొరుకుతోంది. మీ రూటర్లో లేకపోతే ఆ అప్‌లోడ్‌ను రాత్రికి వాయిదా వేసినా చాలు.

లైను బాగానే ఉందని తేలాక చూడాల్సింది పేజీని. 1991లో టిమ్ బెర్నర్స్-లీ ప్రపంచం ముందు పెట్టిన తొలి వెబ్‌సైట్‌లో అక్షరాలూ లింకులూ తప్ప ఏమీ లేవు. 1995లో నెట్‌స్కేప్ ఉద్యోగి బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ భాష తొలి రూపాన్ని తయారుచేశారు. అప్పటినుంచి పేజీ అంటే చదువుకునే కాగితం మాత్రమే కాకుండా పోయింది, మన కంప్యూటర్ మీద నడిచే ప్రోగ్రామ్ కూడా అయింది. ఇప్పుడు సగటు పేజీ బరువు 2 మెగాబైట్లు దాటింది. తెలుగులో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ 3 బైట్లు పడతాయి. ఆ లెక్కన 500 మాటల వార్త మొత్తం 12 కిలోబైట్లు, అటూ ఇటూగా. కుదించి పంపితే అందులో సగం కూడా ఉండదు. మిగిలిన బరువంతా ఫొటోలది, దానంతటదే మొదలయ్యే వీడియోది, ప్రకటనలది, మనం ఎక్కడ ఎంతసేపు ఆగామో లెక్కపెట్టే కోడ్‌ది.

ప్రకటనల తతంగం తెలిస్తే ఆ పేజీ ఎందుకు అంత ఆయాసపడుతుందో అర్థమవుతుంది. మీరు వార్త తెరిచిన క్షణంలోనే ప్రకటన ఖాళీకి వేలం మొదలవుతుంది. మీ బ్రౌజర్ ఎన్నో కంపెనీల సర్వర్లకు ఒక్కో అభ్యర్థన పంపి, ఎవరు ఎక్కువ ఇస్తారో తేలాక గెలిచినవారి ప్రకటన తెచ్చి అతికిస్తుంది. మనం రెండో వాక్యంలో ఉండగా పేజీ గెంతి కిందికి జారిపోయేది అప్పుడే. తెర సాధారణంగా సెకనుకు 60 సార్లు మారుతుంది, అంటే ఒక్కో చిత్రానికి బ్రౌజర్‌కు దొరికే వ్యవధి 16 మిల్లీసెకన్ల చిల్లర. పేజీలోని అక్షరాలు అమర్చడం, మీరు నొక్కిన మీటకు స్పందించడం, జావాస్క్రిప్ట్ నడపడం దాదాపుగా అన్నీ ఒకే వరుసలో, ఒకదాని తర్వాత ఒకటి జరగాలి. మధ్యలో ఏ ప్రకటన కోడో అర సెకను కూర్చుంటే ఆ అర సెకనూ పేజీ బిగుసుకుపోతుంది. పదో వంతు సెకనులో స్పందన వస్తే మనిషికి అది తక్షణం అనిపిస్తుందని, సెకను దాటితే ఆలోచన తెగిపోతుందని, పది సెకన్లు దాటితే ధ్యాస వేరే పని మీదికి పోతుందని జేకబ్ నీల్సన్ 1993లోనే రాశారు. ఆ హద్దులు మనిషి మెదడువి కాబట్టి కంప్యూటర్లు మారినా అవి మారలేదు.

ప్రకటనల్ని ఆపే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) ఒకటి వేస్తే పాత కంప్యూటర్ మీద తేడా వెంటనే కనిపిస్తుంది. వీటిలో పేరున్నది రేమండ్ హిల్ 2014లో విడుదల చేసిన యూబ్లాక్ ఆరిజిన్. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు మారడంతో అందులో దాని పూర్తి రూపం ఇప్పుడు నడవదు, లైట్ అనే తేలిక రూపం మాత్రమే నడుస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి రూపమే దొరుకుతోంది. ఒక్క మాట. తెలుగు పత్రికల సైట్లు చాలావరకు ప్రకటనల డబ్బుతోనే బతుకుతున్నాయి. రోజూ చదివే, మీకు విలువైనదనిపించే పత్రికకు అందులో మినహాయింపు ఇవ్వండి, లేదా చందా కట్టండి. పేజీని ప్రకటనలతో నింపి పాఠకుణ్ణి వార్త దాకా రానివ్వని సైట్లకు ఆ మినహాయింపు ఇవ్వనక్కర్లేదని నా అభిప్రాయం.

అలాగని ఎక్స్‌టెన్షన్లన్నీ మేలు చేసేవే అనుకోకూడదు. కూపన్లు వెతికేవి, పీడీఎఫ్ మార్చేవి, వీడియో దించేవి, ఎవరో చెప్పారని వేసి మరిచిపోయినవి చాలా కంప్యూటర్లలో పేరుకుని ఉంటాయి. వీటిలో చాలా వాటికి మీరు తెరిచే ప్రతి పేజీలోనూ దూరి చదివే అనుమతి ఉంటుంది. పేజీ పేజీకీ వాటి కోడ్ కూడా నడవాలి. ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి అదే సైట్‌ను చూడండి. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అందులో పనిచేయవు. అక్కడ చురుగ్గా నడుస్తుంటే వాటిలో ఏదో ఒకటి దోషి. అన్నిటినీ ఆపేసి, ఒక్కొక్కటే తిరిగి ఆన్ చేస్తూ పోతే అదేదో దొరుకుతుంది.

ఇక మెమరీ. పాత కంప్యూటర్లలో ఎక్కువ బాధ ఇక్కడే, దీని గురించి అపోహలూ ఎక్కువే. 2008 సెప్టెంబర్‌లో గూగుల్ క్రోమ్ వచ్చేదాకా జనం వాడే బ్రౌజర్లలో ట్యాబులన్నీ సాధారణంగా ఒకే ప్రోగ్రామ్‌గా నడిచేవి. ఒక పేజీ హ్యాంగ్ అయితే బ్రౌజర్ మొత్తం పోయేది, సగం నింపిన దరఖాస్తూ దానితోపాటే పోయేది. క్రోమ్ ట్యాబులను విడివిడి ప్రాసెస్‌లుగా నడిపింది. ఒకటి చచ్చినా పక్కది బతుకుతుంది. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే లోపాలు ప్రాసెసర్ చిప్‌లలోనే ఉన్నాయని బయటపడింది. ఒక పేజీలోని కోడ్ అదే ప్రాసెస్‌లో ఉన్న వేరే సైట్ రహస్యాలను కనిపెట్టగలదని తేలింది. ఆ ఏడాదే క్రోమ్ ఒక్కో సైట్‌ను ఒక్కో ప్రాసెస్‌లో బంధించడం మొదలుపెట్టింది. దానివల్ల మెమరీ వాడకం 10 నుంచి 13 శాతం పెరుగుతుందని గూగుల్ అప్పుడే చెప్పింది. బ్రౌజర్ మెమరీ తినేస్తోందని విసుక్కుంటాం. ఆ తినేదాంట్లో కొంత మన బ్యాంకు పాస్‌వర్డ్‌కు కాపలా ఖర్చు.

4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లో విండోస్ తనకోసమే దాదాపు సగం తీసుకుంటుంది. మెయిల్, యూట్యూబ్ లాంటి భారీ సైట్లు ఒక్కొక్కటీ కొన్ని వందల ఎంబీ అడుగుతాయి. పది పన్నెండు ట్యాబులు తెరిచేసరికి చోటు అయిపోతుంది. అప్పుడు విండోస్, ప్రస్తుతం వాడని వాటిని డిస్క్ మీదికి తరలించి చోటు చేస్తుంది. వంటగట్టు చాలక గిన్నెలన్నీ అటక మీద పెట్టి, కూర కలపడానికి గరిట కావలసినప్పుడల్లా నిచ్చెనెక్కి దింపుకోవడం లాంటిది ఇది. పని ఆగదు, కానీ వండే సమయం కంటే ఎక్కి దిగే సమయం ఎక్కువవుతుంది. ర్యామ్ నుంచి ఒక విషయం తెచ్చుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ మీద పళ్లెం తిరిగి, దాని ముల్లు సరైన చోటికి చేరడానికే 12 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. లక్ష రెట్లకు పైబడిన తేడా. పాత ల్యాప్‌టాప్‌లలో తరచుగా కనిపించే 5,400 చుట్ల డిస్క్ ఇంకా నెమ్మది. ట్యాబ్ మార్చగానే తెర తెల్లగా అయిపోయి, లోపల డిస్క్ గరగరలాడుతుంటే జరుగుతున్నది ఇదే.

దీన్ని కళ్లతో చూడొచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే విండోస్ టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మెమరీ 85, 90 శాతం దగ్గర, డిస్క్ 100 శాతం దగ్గర నిలబడి ఉంటే నెట్‌ను అనుమానించే పనే లేదు. క్రోమ్‌లో ఉండి షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే క్రోమ్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ ట్యాబ్ ఎంత మెమరీ పట్టిందో, ఏ ఎక్స్‌టెన్షన్ ప్రాసెసర్‌ను ఎంత నలుపుతోందో పేరుపేరునా చూపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ మెనూలోనూ ఇలాంటిదే ఉంది. చాలామందికి ఈ పట్టిక ఉందనే తెలియదు. ఏ రిపేర్ షాపు అంచనా కంటే కూడా ఇది కచ్చితమైనది, ఖర్చు లేనిది.

తర్వాత చదువుదామని వదిలేసిన ట్యాబులను బుక్‌మార్క్ చేసి మూసేయండి. క్రోమ్ సెట్టింగుల్లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్ ఉంటుంది. అది వాడకుండా ఉన్న ట్యాబ్‌లను మెమరీ నుంచి దించేసి, మళ్లీ నొక్కినప్పుడు తాజాగా తెస్తుంది. ఎడ్జ్‌లో ఇలాంటి పని చేసేవి స్లీపింగ్ ట్యాబ్స్. ఒక జాగ్రత్త. సగం నింపిన దరఖాస్తు ఉన్న ట్యాబ్‌ను వదిలేసి ఎక్కువసేపు పక్కకు పోవద్దు. అలాంటి సైట్‌ను మినహాయింపు జాబితాలో చేర్చే వీలుంది. క్రోమ్ సెట్టింగుల్లోనే గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. అది ఆపేసి ఉంటే వీడియో భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. ఆన్ చేశాక తెర మినుకుమినుకుమంటే మాత్రం గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదై ఉంటుంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో ఇంకో సంగతి కూడా మరవకూడదు. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి గాలి రంధ్రాలు మూయకుండా ఉండటం, ఫ్యాన్ దుమ్ము ఏడాదికోసారైనా దులిపించడం అవసరం.

చేయకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ బాధ మీద వ్యాపారం చేసేవారు చాలామంది ఉన్నారు. "మీ కంప్యూటర్ నెమ్మదించింది, ఇక్కడ నొక్కండి" అని పేజీ మధ్యలో ఊడిపడే బూస్టర్లను, క్లీనర్లను దరి చేరనీయకండి. ర్యామ్ ఖాళీ చేస్తానని చెప్పేవి, అందులో ఉన్నదాన్ని డిస్క్ మీదికి నెట్టి అంకె తగ్గించి చూపిస్తాయి. మరుక్షణం అదంతా మళ్లీ వెనక్కి రావాలి. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని మైక్రోసాఫ్ట్ సమర్థించదు. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడపడం వల్ల భద్రత రెట్టింపు కాదు, ఒకదాని పనికి ఒకటి అడ్డుపడతాయి. వేగం కోసం రోజూ క్యాష్ తుడిచేయడం కూడా వట్టి శ్రమే. మీరు తరచుగా చూసే సైట్ల బొమ్మలనూ ఫైళ్లనూ మళ్లీ దించుకోనక్కర్లేకుండా బ్రౌజర్ దాచుకున్న నిల్వ అది. తుడిచేస్తే తర్వాతి రోజు అన్నీ మొదటినుంచి రావాలి. పేజీ వంకరటింకరగా వస్తున్నప్పుడో, డిస్క్‌లో చోటు నిండిపోయినప్పుడో తుడవండి, చాలు.

ఇవన్నీ చేశాక కూడా డిస్క్ 100 శాతం దగ్గరే నిలబడుతుంటే, అప్పుడు ఖర్చుపెట్టడంలో అర్థముంది. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి. అందులో తిరిగే పళ్లెం లేదు కాబట్టి ఒక విషయం వెతకడానికి పట్టే సమయం 12 మిల్లీసెకన్ల నుంచి ఒక మిల్లీసెకనులో పదో వంతుకు, అంతకంటే తక్కువకు పడిపోతుంది. ర్యామ్ చాలక డిస్క్ మీదికి పోవాల్సి వచ్చినా ఇదివరకటిలా ప్రాణం తీయదు. దానితోపాటు 4 జీబీ ర్యామ్‌ను 8 చేయించగలిగితే, పదేళ్ల కిందటి కంప్యూటర్ కూడా పిల్లల ఆన్‌లైన్ పాఠాలకూ, బిల్లుల చెల్లింపుకూ, దరఖాస్తులకూ సాఫీగా పనికొస్తుంది. విప్పే ముందు పాత డిస్క్‌లోని ఫొటోలూ పత్రాలూ వేరేచోట దాచుకోవడం మరవద్దు. కొన్ని పలచటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, దాన్ని పెంచడం కుదరదు. కొనే ముందు మోడల్ నంబర్ చూసి అడగండి.

భద్రత దగ్గర మాత్రం పాతదాన్ని పట్టుకు వేలాడకూడదు. విండోస్ 7 మీద క్రోమ్ 2023లో 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. కొత్త విండోస్‌ను భరించలేని కంప్యూటర్‌కు లినక్స్ మింట్ లాంటి ఉచిత వ్యవస్థ వేయించుకోవచ్చు. బ్రౌజర్ అందులోనూ ఇదే, తెలుగు టైపింగూ ఉంది. అదీ కుదరకపోతే ఆ కంప్యూటర్‌ను పాటలకూ సినిమాలకూ ఉంచుకోండి, బ్యాంకు లాగిన్ మాత్రం అందులో చేయకండి.